క్రిస్టీనా తిరిగి ఇచ్చిన బొంత

జూన్ రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలకు, కాలవ గట్టు మీది సామాజిక భవనంలో, క్రిస్టీనా తనకు ఇచ్చిన బొంతను విప్పి చూసి, మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, సత్యవాణి చేతిలో పెట్టింది.

"ఇందులో ఉన్నది మా అమ్మండి," అంది. "నేను కాదు."

హాల్లో అప్పుడు నలభై మందికి పైగా ఉన్నారు. చర్చి నుంచి నేరుగా వచ్చినవాళ్ళు సగం. బొంత విప్పగానే మొదలైన చప్పట్లు, ఆ మాటతో ఆగిపోయాయి. సత్యవాణి "అదేంటమ్మా?" అంది. క్రిస్టీనా వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. తల్లి జయమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉంది. వార్డు మెంబరు బంగారరాజు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "లడ్డూలు పంచండమ్మా, పంచండి," అన్నది ఆయనే. లడ్డూలు పంచారు. పన్నెండు గంటలకల్లా హాలు ఖాళీ అయింది.

కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో ఉంది ఆ ఊరు. ఊళ్ళో డిగ్రీ పూర్తి చేసిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ బొంత కుట్టి ఇవ్వడం పదకొండేళ్ళుగా ఉన్న పద్ధతి. కుట్టేది పన్నెండు మంది ఆడవాళ్ళు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండున్నరకు హాల్లో చేరి నాలుగున్నర దాకా కుడతారు. చదువుకున్న పిల్లల ఇంటి నుంచి పాత చీరలు తెస్తారు. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైన ఆ పిల్లల వృత్తికి తగిన బొమ్మను రంగు గుడ్డల్లో కత్తిరించి అతుకుతారు. మధ్య బొమ్మ కుట్టేది తల్లి. మిగతా చోట్ల పన్నెండు మందీ చేయి వేయాలి. ఒక్కరే కుట్టిన బొంత ఇవ్వరు. ఒక బొంతకు తొమ్మిది మధ్యాహ్నాలు పడుతుంది.

ఏ వృత్తికి ఏ బొమ్మ అన్నది సత్యవాణి నిర్ణయిస్తుంది. ఆమె ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ అందరికీ టీచరుగారే. వార్తాపత్రిక మీద పెన్సిల్‌తో బొమ్మ గీసి, కత్తిరించి, దాన్ని గుడ్డ మీద పెట్టి కోస్తుంది. వకీలుకు త్రాసు. టీచరుకు నల్లబల్ల. కరెంటు ఇంజనీరుకు స్తంభం, తీగలు, తీగ మీద రెండు పిట్టలు. కంప్యూటరు చదివిన కుర్రాడికి గీసిన కంప్యూటరును ఇప్పటికీ టీవీ బొంత అంటారు.

బొమ్మ గీసే ముందు ఆమె పిల్లల్ని పిలిపించుకుని అడుగుతుంది. ఏం చదివావు, ఏం పని చేస్తావు, పొద్దున వెళ్ళి మొదట ఏం ముట్టుకుంటావు. కుట్టేవాళ్ళలో ఒకరైన పోలమ్మ మనవరాలు యామిని నర్సింగ్ పూర్తి చేసినప్పుడు గంటసేపు అడిగింది. చివరకు యామిని చేతి గడియారాన్ని గీసింది. నాడి పట్టుకుని గడియారం చూడటమే నా మొదటి పని అని యామిని చెప్పింది కాబట్టి.

క్రిస్టీనాను పిలిపించలేదు. క్రిస్టీనా బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగేళ్ళు చదివి, మే నెలలో పట్టా తీసుకుంది. "వ్యవసాయమేగా, నాకు తెలియనిదేముంది," అని సత్యవాణి మాధవీలతతో అంది. మాధవీలత అంగన్‌వాడీలో పనిచేస్తుంది, బొంతలు కుట్టే పన్నెండు మందిలో ఒకరు. ఆ మాట ఆమెకు గుర్తుంది.

సత్యవాణి ఆ రాత్రే బొమ్మ గీసింది. మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టిన ఆడమనిషి. తలకు గుడ్డ. ఎడమ చేతిలో నారు కట్ట. కుడి చేయి నీళ్ళలో. నడుము వంగి ఉంది.

మర్నాడు గుడ్డ ముక్కలు జయమ్మ చేతికి ఇచ్చింది. జయమ్మ వాటిని నేల మీద పరిచి, జోడించి, కాసేపు చూసింది.

"టీచరుగారూ, ఈ పిల్ల నడుం ఎత్తదాండి?"

"ఎత్తితే నాటేదెవరే జయమ్మా?"

అందరూ నవ్వారు. జయమ్మ కూడా నవ్వింది. సూదిలో దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది మధ్యాహ్నాలూ వచ్చింది. ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు.

ఆదివారం సత్యవాణి బొంత పట్టుకుని ఇంటికి వచ్చేసరికి భర్త సూర్యారావు వీధి అరుగు మీద ఉన్నాడు.

"ఇచ్చేసి రావడానికెళ్ళి పట్టుకొచ్చేవేంటి?"

"వద్దంది."

"ఎవరు?"

"జయమ్మ కూతురు."

"పొగరు," అన్నాడు సూర్యారావు. "నాలుగు ముక్కలు చదివేసరికి. ఏదీ, చూడనీ."

ఆమె బొంత విప్పి అరుగు మీద పరిచింది. సూర్యారావు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"బాగుందే. అచ్చం జయమ్మే."

"జయమ్మేంటండీ?"

"తలగుడ్డ చూడు. చెవి మీద ముడి వేస్తుంది అది. అందరూ వెనక వేస్తారు. మన చేలో వరసలో ఇరవై మందున్నా గట్టు మీంచి దాన్ని ఇట్టే చెప్పేసేవోణ్ణి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వే కదా గీసేవు?"

సత్యవాణి ముడిని చూసింది. ఎడమ చెవి మీద ఉంది. గీసేటప్పుడు ఆ ముడి అక్కడే ఎందుకు వేసిందో ఆమెకు గుర్తు రాలేదు. ఎవరినీ చూసి గీయలేదు. చేయి ఆగకుండా వెళ్ళింది. అరగంటలో అయిపోయింది. యామిని గడియారానికి రెండు రోజులు పట్టింది.

సూర్యారావుకు ఎనిమిదెకరాలుంది. జయమ్మ పద్నాలుగో ఏట ఆ చేలో వరి ఊడ్పులకు వచ్చింది. క్రిస్టీనాకు కాలేజీలో సీటు వచ్చిన ఏడాది మానేసింది. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళు.

సత్యవాణి లోపలికి వెళ్ళి తను గీసిన కాగితం నమూనాల పెట్టె తెరిచింది. పదకొండేళ్ళ నమూనాలూ అందులో ఉన్నాయి. ప్రతిదాని వెనక పేరు, చదువు, తేదీ రాసి ఉంటుంది. ఆమె వెతికినది అడుగున దొరికింది. వెనక "శ్రీనివాసరావు, బీఎస్సీ అగ్రికల్చర్" అని ఉంది. శ్రీనివాసరావు ఆమె కొడుకు. మూడేళ్ళ క్రితం అదే చదువు పూర్తి చేశాడు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం.

ఆ బొమ్మలో ఒక మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు. ప్యాంటు, చొక్కా, కాళ్ళకు బూట్లు. ఒక చేతిలో పుస్తకం. రెండో చెయ్యి ముందుకు చాచి చేను చూపిస్తోంది. చేలో ఎవరూ లేరు.

రెండు నమూనాలూ పక్కపక్కన మంచం మీద పెట్టింది. స్కేలు తెచ్చి కొలిచింది. నిలబడిన బొమ్మ పదహారు అంగుళాలు. వంగిన బొమ్మ తొమ్మిది.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. బంగారరాజు వీడియో అప్పటికే ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. దాని నిడివి నిమిషం పన్నెండు సెకన్లు. ఆమె ఏడుసార్లు చూసింది. మూడోసారి తనను కాకుండా జయమ్మను చూసింది. క్రిస్టీనా బొంత మొదటి మడత విప్పకముందే జయమ్మ తల దించుకుంది.

సోమవారం హాలు వైపు వెళ్ళలేదు. కొట్టుకు వెళ్ళాల్సి వస్తే చెరువు పక్క నుంచి చుట్టు తిరిగి వెళ్ళింది. కొట్టు దగ్గర పోలమ్మ కనిపించింది. పోలమ్మకు డెబ్భై దాటాయి. జట్టులో అందరికంటే పెద్దది.

"ఏంటి టీచరమ్మా, ఈ దారంటొచ్చేరు? కాలవ గట్టేమైనా కొట్టుకుపోయిందా?"

"నడక కోసం పోలమ్మా."

"ఆయ్. నడవండి, నడవండి. మంచిదే," అంది పోలమ్మ. చీపురు కొనుక్కుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి సత్యవాణి జయమ్మ ఇంటికి వెళ్ళింది. తన ఇంటి నుంచి ఆ ఇల్లు మూడు వందల గజాలు. పదకొండేళ్ళు పక్కపక్కన కూర్చుని కుట్టినా ఆమె ఆ ఇంట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఆ సంగతి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నప్పుడు తెలిసింది.

రెండు గదుల స్లాబు ఇల్లు. మంచం మీద క్రిస్టీనా బట్టలు మడతపెడుతోంది. గురువారం పొద్దున్నే ఉద్యోగానికి ప్రయాణం. జయమ్మ కుర్చీ తుడిచి వేసింది.

"కూర్చోండి టీచరుగారూ. టీ పెడతాను."

"వద్దు జయమ్మా."

"ఆయ్," అని జయమ్మ వెళ్ళి టీ పెట్టింది.

సత్యవాణి సంచిలోంచి కాగితం తీసింది. అది కొడుకు నమూనా. "అమ్మా క్రిస్టీనా, నాదే పొరపాటు. ఇదిగో, ఈ బొమ్మ పెట్టి మళ్ళీ కుట్టిస్తాను. అదే చదువు కదా. ఇది నిలబడి ఉంది."

క్రిస్టీనా కాగితం అందుకుని తిప్పి చూసింది. వెనక పేరు చదివింది.

"శ్రీనివాసరావుగారి బొమ్మ నాకెందుకండి?"

"ప్యాంటు తీసేసి చీర కట్టొచ్చమ్మా. చుడీదార్ అయినా..."

క్రిస్టీనా నవ్వింది. ఎక్కువసేపు కాదు. "టీచరుగారూ, నేను గట్టు మీద నిలబడనండి. విత్తనాలు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. నాలుగు వందల గింజలు లెక్కపెట్టి తడి కాగితంలో చుట్టి పెడతాం. వారం తర్వాత విప్పి ఎన్ని మొలిచేయో చూస్తాం. అదండీ నా పని. కుర్చీలో కూర్చుని చేస్తాను."

"నువ్వెప్పుడూ చెప్పలేదమ్మా."

"మీరు అడగలేదండి."

జయమ్మ టీ తెచ్చింది. గ్లాసు కాదు, కప్పు, సాసరు. సత్యవాణి కప్పు అందుకుంది గానీ తాగలేదు.

"ఆ బొమ్మ చూసినప్పుడే నీకు తెలిసిందా జయమ్మా?"

"ఏదండి?"

"నిన్నే గీసేనని."

జయమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. "ముడి చూసేనండి."

"మరి కుట్టేవెందుకు? నాతో ఓ మాట అనొచ్చు కదా."

"అన్నానండి," అంది జయమ్మ. "నడుం ఎత్తదా అనడిగేను."

సత్యవాణి కప్పు కింద పెట్టింది. సాసరులోకి కొంచెం ఒలికింది.

"తప్పయింది జయమ్మా. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు."

క్రిస్టీనా మడత పెట్టిన బట్టలనే మళ్ళీ మడతపెడుతోంది. పక్కింట్లో ఎవరో కుక్కర్ పెట్టారు. రెండు విజిళ్ళు వచ్చాయి.

"నాతో ఇక్కడ చెప్తే ఎలాగండి?" అంది జయమ్మ. గొంతు పెంచలేదు. "అక్కడ అందరి ముందూ అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఇంటికొచ్చేక, ఎందుకు నవ్వేనా అని నామీద నాకే అసయ్యమేసింది. పిల్లకి చెప్పలేదండి. తొమ్మిది రోజులూ చెప్పలేదు. అది విప్పి చూసుకునేదాకా చెప్పలేదు. ఇప్పుడు అది నన్నడుగుతోంది, తెలిసీ ఎలా కుట్టేవమ్మా అని. దానికి నేనేం చెప్పను?"

క్రిస్టీనా తల ఎత్తలేదు.

"బుధవారం అందరూ వస్తారు," అంది సత్యవాణి. "అక్కడ చెప్తాను."

"ఆయ్," అంది జయమ్మ.

మంగళవారం సత్యవాణి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది. మూడుసార్లు రాసింది. మొదటిదాంట్లో "పొరపాటు" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. మూడోదాంట్లో రెండుసార్లు. సూర్యారావు ఆ కాగితం చూసి, "ఇదంతా అవసరమా? పిల్ల వెళ్ళిపోతే వాళ్ళే మర్చిపోతారు," అన్నాడు. ఆమె కాగితం తిరిగి తీసుకుంది. ఆయన, "పొగరన్నది నేను కదా. అదీ చెప్తావా?" అని అడిగాడు. చెప్పనంది.

బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు హాల్లో పదకొండు మంది ఉన్నారు. జయమ్మ రెండు గంటల నలభైకి వచ్చి తన చోట కూర్చుంది. సత్యవాణి కాగితం తీసింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"క్రిస్టీనా బొంత నమూనాలో ఒక పొరపాటు జరిగింది," అని చదివింది.

"పొరపాటేంటండి?" అంది పోలమ్మ. "గుడ్డ చిరిగిందా? రంగు పోయిందా?"

"అది కాదు పోలమ్మా."

"మరేంటో చెప్పండి. కాగితంలో చూసి చదువుతుంటే రేషన్ కార్డుల లిస్టులాగుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆగారు. సత్యవాణి కాగితం మడిచేసింది. సంచిలోంచి రెండు నమూనాలూ తీసి చాప మీద పెట్టింది. నిలబడినది, వంగినది. అందరూ ముందుకు జరిగారు.

"ఇది మీ అబ్బాయిది కదండీ," అంది మాధవీలత. "నేనే ఆ బూట్లు కుట్టేను." తర్వాత రెండో కాగితం చూసింది. మళ్ళీ మొదటిది చూసింది.

"ఇద్దరిదీ ఒకటే చదువు," అంది సత్యవాణి. "నాలుగేళ్ళే మా వాడికీ, నాలుగేళ్ళే అమ్మాయికీ. మా వాణ్ణి గట్టు మీద నిలబెట్టేను. అమ్మాయిని నీళ్ళలో వంచేను. అందరినీ పిలిచి అడిగినదాన్ని, ఆ అమ్మాయిని పిలవలేదు. నాకు తెలుసు అనుకున్నాను. నాకు తెలిసింది జయమ్మ. జయమ్మ కూడా కాదు. మా చేలో వంగిన జయమ్మ. ఆ బొమ్మే చేతికొచ్చింది."

ఆమె వంగిన బొమ్మను చాప మధ్యకు జరిపింది.

"నడుం ఎత్తదా అని జయమ్మ అడిగితే, నేను హాస్యమాడేను. మీరందరూ నవ్వేరు. అది హాస్యం కాదు. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది. మూడు రోజుల్నుంచి కాలవ గట్టు మీంచి నడవలేకపోతున్నాను."

పోలమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మేం నవ్వింది మీరన్నారనేనండి," అంది పోలమ్మ. "ఇంకెవరన్నా అనుంటే నోరు మూయమందును. మీరన్నారు కాబట్టి నవ్వేను. నేనూ ముప్ఫై ఏళ్ళు నాట్లేసినదాన్నే. ఆ మాట నాకూ తగిలింది. తగిలినా నవ్వేను." ఆమె జయమ్మ వైపు తిరిగింది. "ఏమే, నువ్వేమంటావు?"

అందరూ జయమ్మను చూశారు. జయమ్మ చేతిలో సూది ఉంది. దారం ఎక్కించి లేదు.

"ఆయ్. విన్నానండి," అంది.

జయమ్మ ఇంకా ఏమైనా అంటుందేమోనని సత్యవాణి చూసింది.

"కొత్తది కుడదాం జయమ్మా," అంది సత్యవాణి. "గింజలు, తడి కాగితం, అన్నీ అమ్మాయినే అడిగి గీస్తాను. తనే గీసినా సరే. అయ్యాక ఎక్కడుంటే అక్కడికి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

"అమ్మాయినడగాలండి."

"అడుగు. ఏమంటే అది."

"ఆయ్." జయమ్మ సూదిని జాకెట్టు చేతికి గుచ్చుకుని లేచింది. "సర్దాల్సినవున్నాయండి. వెళ్తాను."

అప్పుడు సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు. మిగిలిన పదకొండు మందీ నాలుగున్నర దాకా హాల్లోనే ఉన్నారు. ఆ రోజు కుట్టడానికి గుడ్డ ఏదీ తేలేదు. రెండు నమూనాలూ చాప మీదే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మాధవీలత వాటిని తీసి సత్యవాణికి ఇచ్చింది.

గురువారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు క్రిస్టీనా రావులపాలెం బస్సు ఎక్కింది. జయమ్మ బస్టాపు దాకా వచ్చింది. సత్యవాణి కూడా వెళ్ళింది. కొట్టు దగ్గరే ఆగిపోయింది. క్రిస్టీనా ఆమెను చూసి తల ఊపింది. క్రిస్టీనా వెంట ఒక పెట్టె, రెండు సంచులు ఉన్నాయి.

కొత్త బొంత సంగతి జయమ్మ కూతుర్ని అడిగిందో లేదో తెలియదు. శనివారం సాయంత్రం వరకు సత్యవాణికి కబురు రాలేదు.